జమేదారమ్మ ముందు నా సునయన

మా జమేదారమ్మ పోయింది. మొన్న శుక్రవారం పొద్దున వాళ్ళమ్మాయి ఎల్బీనగర్ దవాఖాన నుంచి ఫోన్ చేసి, "అంకుల్, అమ్మ పోయింది," అంది. నేను చేతిలో టీ గ్లాసుతో, "ఎవరు చెప్పారమ్మా?" అన్నాను. ఆ పిల్ల, "నేనే పక్కనున్న అంకుల్. నా చెయ్యి పట్టుకొనే పోయింది," అంది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నన్ను దులిపేసింది, చావు కబురు చెప్పినవాళ్ళను అలా అడుగుతారా అని. అడగకూడదు, నిజమే. కానీ ఏ కబురు విన్నా ముందు ‘ఎవరు చెప్పారు, చెప్పినవాళ్ళు చూశారా’ అని అడగడం నాకు నేర్పింది ఆ పోయినావిడే. పాతికేళ్ళ అలవాటు ఒక్క పొద్దుటితో ఎక్కడికి పోతుంది?

ఇక్కడి పాతవాళ్ళు హెడ్ కానిస్టేబుల్‌ను జమేదార్ అంటారు. ఆవిడ ఆడమనిషి గనక జమేదారమ్మ. కొత్తపేట నుంచి సరూర్‌నగర్ చెరువు వైపు దిగే మా సందులో ఆవిడను వేరే పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పోస్టుమన్ ఉత్తరం మీది పేరు చదివి "ఈమెవరండీ?" అని ఇల్లిల్లూ అడిగి, చివరికి "జమేదారమ్మదా, ఆ ముక్క రాయచ్చుగా," అని విసుక్కునేవాడు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, పోలీసుల్లో ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే ఉన్న రోజుల్లో చేరి, చివరి పన్నెండేళ్ళు క్రైమ్ టీంలో తిరిగి, హెడ్ కానిస్టేబుల్‌గానే రిటైరైంది. కేసులో తిరిగేది ఆవిడ, పేపర్లో ఫొటో పడేది ఇంకొకరిది. దాని గురించి ఆవిడ బాధపడగా నేను చూడలేదు. "ఫొటోల పడ్డోనికి రేపు దొంగ పక్కన గూడ చాయ్ తాగరాదు సాబ్. నేను తాగచ్చు," అనేది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి తప్పుకుంటాను. (రెండు ముక్కలన్నది చదివి మా ఆవిడ నవ్వుతుంది.) తెనాలి వైపు నుంచి ఏడో తరగతి చదువుతో ఈ ఊరొచ్చి, ఒక ప్రెస్సులో అక్షరాలు పేర్చాను. పేర్చిన ప్రతి పుస్తకాన్నీ తలకిందులుగానే చదువుకున్నాను. ఇప్పటికీ తిన్నగా ఉన్న కాగితం కంటే తిరగేసిన కాగితమే నాకు త్వరగా అర్థమవుతుంది. తరవాత దిల్‌సుఖ్‌నగర్ బస్ స్టాప్ వెనక సందులో పుస్తకాలు కిరాయికిచ్చే దుకాణం పెట్టాను. ఇప్పుడక్కడ మొబైల్ ఫోన్లకు కవర్లు అమ్ముతున్నారు. ఆ దుకాణంలో కూర్చుని అందరివీ చదివి చదివి, ఒకరోజు నేనూ ఒక డిటెక్టివ్ నవల రాశాను. పలుచని కాగితం, చిన్న సైజు, రైలెక్కి దిగేలోగా అయిపోయే రకం.

దాని నాయిక సునయన. ఇంటర్ చదివే పదిహేడేళ్ళ పిల్ల. సైకిలుంది, చురుకైన కళ్ళున్నాయి, భయం లేదు. ఆమెకు ఎదురు ఇన్‌స్పెక్టర్ గదాధరం. మీసముంది, జీపుంది, బుర్ర లేదు. అలాంటివి పదకొండు రాశాను. పదకొండింటిలోనూ గదాధరం నాలుగో అధ్యాయంలో తప్పుడు మనిషిని పట్టుకుంటాడు. ఆఖరి అధ్యాయంలో సునయన అందరినీ ఒకచోట నిలబెట్టి అసలు దొంగను వేలెత్తి చూపిస్తుంది. గదాధరం టోపీ తీసి తల గోక్కుంటాడు. జనం చదివారు. నేనూ గొప్పగానే రాశాననుకున్నాను, జమేదారమ్మ మా దుకాణం మెట్లెక్కేదాకా.

నిజానికి ఎక్కలేదు, మెట్టు మీదే కూర్చుంది. ఆ తరవాత ఎన్నేళ్ళు వచ్చినా మెట్టు మీదే. కుర్చీ వేస్తే, "వద్దు రైటర్ సాబ్. కుర్చీల కూసుంటె ఎదుటి మనిషి ముచ్చట చెప్పడు," అనేది. ఆ మొదటి రోజు డ్యూటీ దిగి వచ్చి, సునయన పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుని, తిన్నగా ఆఖరి పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టింది. నా ప్రాణం విలవిల్లాడింది.

"అమ్మా, డిటెక్టివ్ నవల అలా చదవకూడదండీ. దొంగెవరో ముందే తెలిసిపోతే ఇంక చదవడానికేముంటుంది?"

"దొంగెవలో మాకు రెండో దినానికే ఎర్కైతది. ఎట్ల పట్టుకున్నరు, పట్టుకున్నంక ఎట్ల నిలబెట్టిన్రు, గదే కష్టం. గది సూద్దామని."

"అయితే తీసుకెళ్ళండి. రాసింది నేనే."

ఆవిడ నన్ను పైనుంచి కిందకు చూసింది. "నువ్వు రైటరా? మా స్టేషన్ల గూడ ఒక రైటర్ ఉంటడు. ఆయన అయినయి రాస్తడు. నువ్వు కానియి రాస్తవన్నమాట."

వారం తరవాత పుస్తకం తిరిగి తెచ్చింది. "మంచిగున్నది. గని ఒక్కటి చెప్పు సాబ్. గీ పోరి కాలేజీకి ఎప్పుడు పోతది?"

అలా మొదలైంది. వారానికొకటి చొప్పున పదకొండూ చదివింది. నావి అయిపోయాక నా దుకాణంలో ఉన్న మిగతా డిటెక్టివులందరినీ చదివింది. చదివిన ప్రతిదాన్నీ పట్టుకొచ్చి మెట్టు మీద కూర్చుని, సాసర్‌లో టీ పోసుకుని, కుర్ర డిటెక్టివునూ ముదురు పోలీసునూ పక్కపక్కన నిలబెట్టి తూకం వేసేది. నాకు విశ్వవిద్యాలయం అంటూ ఏదైనా ఉంటే అది ఆ మెట్టే.

ఒకసారి అడిగింది: "నీ సునయన ఎవలింట్లకు పోయినా కూసోబెట్టి అన్నీ చెప్తరు. పాలోడు చెప్తడు, వంటామె చెప్తది, ఆఖరికి దొంగ గూడ చాయ్ వోస్తడు. మేం తలుపు కొడితె ముందుగాల లోపల టీవీ బంద్ అయితది. తర్వాత అందరు ఒక్కటే మాట, మాకు తెల్వదు సార్. ఆ పిల్లకు చెప్పినంత మాకు చెప్తె మేం గూడ ఆఖరి పేజీల వేలు సూపియ్యమా?"

"ఆ పిల్లంటే ఎవరికీ భయం లేదు కదమ్మా. అందుకే చెబుతారు."

"గదే అంటున్న. ఆమెకు దేవుడిచ్చిన లాఠీ గది. మాకిచ్చిన లాఠీతోని మనిషి నోరు మూసుకుంటడు."

తన వృత్తి మీద కోపంతో అన్న మాట కాదది, ఈర్ష్యతో కూడా కాదు. సునయన అంటే ఆవిడకు నిజంగా ఇష్టం. "మేం కేసొస్తేనే సూస్తం. గామె కేసు రాకముందే సూస్తది. ఎవలు చెప్పకున్న సూస్తది. గసొంటి పోరిని పోలీసుల తీసుకుంటె నెలకే మొఖం ముడుచుకుంటది, తీస్కోవద్దు," అనేది. మెడలో గొలుసు లాగేసిన ముసలమ్మ మాటను స్టేషన్‌లో ఎవరూ పట్టించుకోనప్పుడు, ‘ఇక్కడ సునయన ఉంటే ఏం అడిగేది’ అని తనకు తాను అనుకుని అడిగిన ప్రశ్నతో ఒక కేసు తేలిందని కూడా ఒకసారి చెప్పింది. నేను రాసినదానికి అంతకంటే పెద్ద బిరుదు ఎవరూ ఇవ్వలేదు.

గదాధరం దగ్గర మాత్రం ఊరుకునేది కాదు. "గాయిన అంత పిచ్చోడైతే ఇన్‌స్పెక్టర్ ఎట్లైండు సాబ్? పోరిని తెలివిగల్లదాన్ని చేసుటానికి పెద్దమనిషిని ఉల్లుగాన్ని చేసినవు." కథకు అలా కావాలి మరి. ఒకడు పొట్టిగా ఉంటే తప్ప రెండోవాడు పొడుగని కనపడడు. ఆ మాటే అంటే, "ఇద్దరిని పొడుగ్గ రాయరాదా? కాగితం పట్టదా?" అంది.

ఇంకొక ప్రశ్న ఉంది. అది అడిగిన రోజు నేను నవ్వేశాను. నా మూడో నవలలో తోటమాలిని దొంగ అనుకుంటారు. "నాలుగో చాప్టర్ల తోటమాలిని పట్టుకున్నరు. ఆరో చాప్టర్ల కాదన్నరు, ఇడిసిపెట్టిన్రు. నడుమ ఆ రెండు దినాలు తోటమాలి ఇంట్ల ఏమైంది? ఆయన పెండ్లాం నీళ్ళకు పోతె ఎవలేమన్నరు? గది రాయలే."

"అది కథ కాదు కదమ్మా."

"నీకు కాదు," అంది, సాసర్ కింద పెట్టి.

ఆ మాట అర్థమవడానికి నాకు పదేళ్ళ పైనే పట్టింది. ఎలా అర్థమైందో చెప్పడానికే ఇంతసేపూ మిమ్మల్ని కూర్చోబెట్టాను. చెప్పుకునేంత గొప్ప సంగతి కాదు. కానీ ఆవిడను తలుచుకుంటూ దీన్ని దాటేస్తే, తోటమాలి ఇంటిని వదిలేసిన నా పదకొండు నవలల్లాంటిదే ఇదీ అవుతుంది.

అప్పటికి ఆవిడ రిటైరైంది. మా సందులో పోచంపల్లి నుంచి వచ్చి చీరల వ్యాపారం చేసే కుటుంబం ఒకటి ఉండేది. మేం ఆయన్ను చీరలాయన అనేవాళ్ళం. భార్యాభర్తలు మంచివాళ్ళే. వాళ్ళింట్లో, ఇంకో మూడిళ్ళలో యాదమ్మ పనిచేసేది. దేవరకొండ వైపు మనిషి. భర్త లేడు. ఆ నాలుగిళ్ళ పనితోనే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది.

ఒక బుధవారం చీరలాయన చెల్లెలికి ఒడిబియ్యం పోశారు. ఈ వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మా తెనాలి వాళ్ళ కోసం చెబుతున్నాను. పుట్టింటివాళ్ళు ఆడపడుచును పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపుతారు. ఆమె అత్తవారింటికి వెళ్ళి, మంచిరోజు చూసి ఆ బియ్యం వండి చుట్టుపక్కల వాళ్ళకు పెడుతుంది. ఆ అమ్మాయి సాయంత్రానికి బియ్యం మూటతో చౌటుప్పల్ వెళ్ళిపోయింది. మర్నాడు గురువారం పొద్దున చీరలాయన భార్య బీరువా తీస్తే మూడు పేటల గొలుసు లేదు.

ఆవిడ ఏడుస్తూ తిన్నగా మా ఇంటికొచ్చింది. "రైటర్ గారూ, గన్ని పుస్తకాలు రాసిన్రు. మీరైతే కనిపెడ్తరు." జమేదారమ్మ కూరగాయలకు వెళ్ళింది. ఆవిడ వచ్చేదాకా ఆగచ్చు. కానీ నా జన్మలో నన్ను ఎవరూ అలా పిలవలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని బయల్దేరాను. ఆ వయసులో నాకు సైకిలొక్కటే తక్కువ.

బీరువా పిడి మీద పసుపు మరక కనపడింది. బొటనవేలి గుర్తు, స్పష్టంగా. నేను రాసినవాటిలో ఒక్క మరక కూడా అంత అందంగా లేదు. ముందురోజు పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళకు పసుపు కాళ్ళకే రాశారు, చేతులకు కాదు. రాసింది ఎవరు? యాదమ్మ. బియ్యంలో పసుపు కలిపింది ఎవరు? యాదమ్మ. బీరువా ఉన్న గది ఊడ్చింది ఎవరు? ఇదంతా నేను లోపల చెప్పి ఉంటే కొంత నయం. గేటు దగ్గరకొచ్చి, పోగైన జనం ముందు, ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చెప్పాను. సరిగ్గా ఆఖరి అధ్యాయంలో చెప్పినట్టు. అప్పుడే పనికి వచ్చిన యాదమ్మ గేటు పట్టుకుని నిలబడింది. "ఆ గోళ్ళు చూడండి," అన్నాను. అందరూ చూశారు. పచ్చగా ఉన్నాయి.

"నేనెందుకు తీస్తనమ్మ? ఎనిమిదేండ్ల సంది ఈ ఇంట్ల..." అని యాదమ్మ మాట మధ్యలో ఆపేసింది. ఎవరో ఆమె సంచి లాగి రోడ్డు మీద బోర్లించారు. ఒక టిఫిన్ డబ్బా, దువ్వెన, రెండు మాత్రలున్న రేకు, మడిచిన పిల్లల ఫీజు రసీదు. చీరలాయన పోలీసులకు ఫోన్ చేస్తానన్నాడు. ఎదురింటామె, "రేపటి సంది మా ఇంటికి రాకు," అంది. దాని పక్కింటామె కూడా అదే అంది. నేను చెప్పడం మొదలుపెట్టి పది నిమిషాలు కాలేదు, నాలుగిళ్ళలో మూడిళ్ళు పోయాయి.

అప్పుడొచ్చింది జమేదారమ్మ, రెండు చేతులా కూరగాయల సంచులతో.

"సంచి ఎవలు గుమ్మరించిన్రు?"

ఆవిడ తన సంచులు కింద పెట్టి, రోడ్డు మీద కూర్చుని, డబ్బా, దువ్వెన, మాత్రలు, రసీదు ఒక్కొక్కటే తుడిచి యాదమ్మ సంచిలో పెట్టింది. తరవాత లేచి, "యాదమ్మా, మా ఇంట్ల కూసో. మీ ఇంటికి పోకు. ఇప్పుడు పోతె పారిపోయిందంటరు," అంది. చీరలాయన వైపు తిరిగి, "ఫోన్ సాయంత్రం చెయ్యి తమ్మీ. గొలుసు గప్పటికి ఇంకింత దూరం పోదు," అంది. నా వైపు చూడలేదు.

నేను వెనకే వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆవిడ చీరలాయన భార్యను వంటింట్లోకి తీసుకెళ్ళి, కింద చతికిలబడి, గోరుచిక్కుడు కాయలు ఒళ్ళో వేసుకుని తుంపుతూ అడిగింది. గొలుసు గురించి ఒక్క మాట అడగలేదు.

"ఆదివారం ఏం వండినవ్ బిడ్డా?"

"ఆదివారం వండలే అత్తమ్మా. గుట్టకు దర్శనానికి పోయినం. రెండు రాత్రులు ఆడనే ఉన్నం. మంగళారం పొద్దున ఒచ్చినం."

"ఇల్లు ఇడిసి పోయేటప్పుడు సొమ్ములు ఏడ పెడ్తవు?"

"బియ్యం డ్రమ్ముల. బీరువాల పెడ్తె భయం గదా."

"మంచి పని. ఒచ్చినంక తీసినవా?"

"తీసిన. గాజులు, కమ్మలు తీసి బీరువాల వెట్టిన. గొలుసు రుమాల్ల కట్టి ఉండె. గది గూడ తీసిన."

"యాదికున్నదా?"

"ఎప్పుడు తీస్త గద అత్తమ్మా."

"ఎప్పుడు తీస్తవు. మంగళారం తీసినవా?"

చీరలాయన భార్య బియ్యం డ్రమ్ము వైపు చూసింది. జమేదారమ్మ చిక్కుడుకాయ తుంపడం ఆపలేదు. తరవాత నాకు చెప్పింది ఈ మాట: "రోజు చేసే పని ఆ దినం గూడ చేసిననే అనుకుంటం సాబ్. అబద్ధం గాదు. మనసు గట్ల చెప్తది. సాక్షి అబద్ధం చెప్తలేడని తెలిసినంక గూడ నమ్మరాదు, గదే మా పనిల కష్టం."

"బీరువాకు పసుపెవలు పూసిన్రు?" అని అడిగింది చివరికి.

"నేనే అయ్యుంట. ఆడబిడ్డకు పెట్టే చీర తీసుటానికి ఉరికిన, చేతులు గూడ కడుక్కోలే."

నా కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

ఇక మిగిలింది డ్రమ్ము. అది ఖాళీగా ఉంది. ఒడిలో పోసింది అయిదు దోసిళ్ళే. వంటకు పనికొస్తాయని మిగతా బియ్యమంతా డ్రమ్ములో నుంచి సంచిలోకి వంపి, పైన పసుపు చల్లి, మూతి కట్టి ఆటోలో పెట్టారు. వంపింది చీరలాయన. పోలీసులకు ఫోన్ చేస్తానన్న మనిషి తన చేతులతో తనే గొలుసును చౌటుప్పల్ పంపించాడు.

జమేదారమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టించింది. "బిడ్డా, ఒడిబియ్యం వండినవా?"

"రేపు శుక్రవారం వండుత పెద్దమ్మా. ఇంక మూట ఇప్పలే."

"ఇప్పు. చాప మీద మొత్తం వొయ్యి. ఫోన్ అట్లనే ఉంచు."

బియ్యం పారుతున్న చప్పుడు ఫోన్‌లో విన్నాం. చాలాసేపు పారింది. తరవాత ఆగింది. "అన్నా, ఏదో రుమాల్ ఉన్నదే," అంది ఆ పిల్ల.

నా నవల అయితే ఇక్కడ అయిపోతుంది. నేనూ అయిపోయిందనే ఊపిరి తీసుకున్నాను. జమేదారమ్మ ఒళ్ళో చిక్కుడు ఈనెలు దులిపి లేచి, "ఇప్పుడు అసలు పని," అంది.

చీరలాయన, "యాదమ్మను లోపలికి పిలిచి చెప్తం పెద్దమ్మా. రేపు ఎప్పటోలె రమ్మంట," అన్నాడు.

"లోపల చెప్తె లోపలనే ఉంటది. ఆమె పేరు గేటు కాడ పోయింది. గేటు కాడనే ఇయ్యాలె."

ఆ మధ్యాహ్నం ఆవిడ చేసిన పని నేను ఏ డిటెక్టివ్ నవలలోనూ చదవలేదు. పొద్దున గేటు దగ్గర ఎవరెవరున్నారో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఆవిడకు గుర్తుంది. కూరగాయల సంచులతో వచ్చి నిలబడ్డ ఒక్క నిమిషంలో చూసి పెట్టుకుంది. పదకొండు మంది. ఒక్కొక్కరి తలుపు కొట్టి పిలుచుకొచ్చింది. ఒకాయన డ్యూటీకి వెళ్ళిపోయాడంటే, వాళ్ళావిడతో ఫోన్ చేయించి, ఆయన తిరిగొచ్చేదాకా అందరినీ ఆపింది. "పొద్దున ఇన్నోళ్ళు పదకొండు మంది. పది మందికి చెప్తె, ఒక్కని నోట్ల యాదమ్మ దొంగగనే ఉంటది." ఎండలో నిలబడ్డాం. ఎవరికీ కాదనే ధైర్యం లేకపోయింది.

అందరూ వచ్చాక యాదమ్మను పిలిచింది. చీరలాయనా భార్యా జరిగింది జరిగినట్టు చెప్పారు, చేతులు జోడించారు. నా వంతు వచ్చింది. జీవితమంతా మాటలతో బతికినవాణ్ణి. గొంతు సవరించుకుని, "పరిస్థితుల ప్రభావం వల్ల ఒక పొరపాటు జరిగింది," అన్నాను.

"జరిగిందా? పంచనామాల గట్ల రాస్తే జడ్జి సాబ్ అవుతల పారేస్తడు," అంది జమేదారమ్మ. "ఎవలు జేసిన్రు?"

"నేను చేశాను," అన్నాను. "యాదమ్మ తియ్యలేదు. నేను తెలియకుండానే తెలిసినట్టు చెప్పాను." అంత చిన్న వాక్యాలు నేను అప్పటిదాకా రాయలేదు.

వద్దన్న రెండిళ్ళ వాళ్ళూ అక్కడికక్కడే రేపు రమ్మన్నారు. యాదమ్మ ఆ రెండిళ్ళకూ వెళ్ళింది. చీరలాయన ఇంటికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. నేను ఎదురొస్తే రెండేళ్ళు తల తిప్పుకుని పోయింది. ఒకసారి ఉండబట్టలేక జమేదారమ్మతో, "మీరైనా ఆమెకు ఒక మాట చెప్పచ్చు కదండీ," అన్నాను. "మాఫ్ చేసుడు, చేయకపోవుడు ఆమె ఇష్టం సాబ్. పేరు తెచ్చిచ్చుటే మన పని. మాఫీ గూడ అడుగుతె గది ఇంకో దొంగతనం," అంది.

ఆ ఏడాది నేను పన్నెండో సునయన నవల రాశాను. అందులో సునయన తప్పు మనిషిని వేలెత్తి చూపిస్తుంది. ఆ తరవాత నలభై పేజీలు ఆ మనిషి ఇంట్లో ఏం జరిగిందో ఉంటుంది. గదాధరానికి బుర్ర పెట్టాను. కాగితం పట్టింది. అచ్చు వేసేవాళ్ళు దొరకలేదు. అడిగిన ఒకరిద్దరు, సునయన తప్పు చేస్తే ఎవరు చదువుతారండీ అన్నారు. రాతప్రతిని జమేదారమ్మకే ఇచ్చాను. వారంలో తెచ్చిచ్చింది. "ముందు సంది చదివిన," అంది. "ఆఖరి పేజీ ముందుగాల సూడబుద్ధి కాలే." ఇంకేమైనా అంటుందేమోనని ఆగాను. టీ తాగి వెళ్ళిపోయింది.

ఎవరు గొప్ప, కుర్ర డిటెక్టివా, ముదురు పోలీసా అని ఇప్పటికీ పాత పాఠకులు కనబడితే అడుగుతారు. సునయన నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆ ఆత్రం, ఎవరూ చెప్పకపోయినా చూసే ఆ చూపు లేకపోతే సగం అన్యాయాలు బయటపడవు. కానీ దొరికాక ఆమె సైకిలెక్కి వెళ్ళిపోతుంది. దొరికాక కూడా ఉండిపోయిన మనిషిని నేను ఒక్కరినే చూశాను.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆవిడను ఇంటికి తెచ్చారు. మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్‌లో అంబులెన్స్ అరగంట ఆగిపోయిందట. సందు సందంతా వచ్చింది. చీరలాయన, ఆయన భార్య కూడా ముందు వరసలోనే ఉన్నారు. స్నానం చేయించే ముందు ఒంటి మీది బంగారం తియ్యాలి. ఆవిడకు రెండు కమ్మలు, ఒక ముక్కుపుడక తప్ప ఏం లేవు. ముక్కుపుడక ఏ కాలంలో పెట్టుకుందో, బిగుసుకుపోయింది. చుట్టాల్లో పెద్దావిడ ఒకామె ప్రయత్నించి, రాక వెనక్కు తగ్గింది. జమేదారమ్మ కూతురు కళ్ళు తుడుచుకుని తలెత్తి, చుట్టూ ఉన్న అక్కచెల్లెళ్ళనూ వదినలనూ దాటి చూసింది.

"యాదమ్మత్తా, నువ్వు తియ్యి. అమ్మకు నొయ్యకుండ."

యాదమ్మ ముందుకొచ్చింది. జుట్టు సగం నెరిసింది. కొబ్బరినూనె చుక్క వేసి, వేలి కొసతో తిప్పుతూ, పసిపిల్లకు తీసినట్టు తీసింది. తరవాత కమ్మలు. మూడింటినీ అరచేతిలో పెట్టుకుని, చెయ్యి చాపి నిలబడింది. కూతురు అందుకోలేదు.

"నీ కాడనే ఉంచు అత్తా. అన్నీ అయినంక తీసుకుంట."

యాదమ్మ ఒక్కసారి మా అందరి వైపు చూసింది. చూసి, తొందర పడకుండా, ఆ మూడింటినీ చీర కొంగున ముడివేసి, ముడిని నడుముకు దోపుకుంది.

ఆవిడను తీసుకెళ్ళాక ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. నడవలేనివాణ్ణి గనక నేను సందులోనే మిగిలాను. యాదమ్మ బకెట్లతో నీళ్ళు తెచ్చి, గేటు నుంచి సందు చివరి దాకా చల్లుకుంటూ, కడుక్కుంటూ పోయింది. వంగినప్పుడల్లా నడుము దగ్గర ఆ ముడి బయటికి జారుతోంది. తడిచేత్తో దాన్ని మళ్ళీ లోపలికి దోపుకుని, ఇంకో బకెట్ ఎత్తుకుంటోంది.